ముఖం చూసి చెప్పే ధర

బేరింగుకు డబ్బా మీద అచ్చయిన ధర ఒకటుంటుంది, కొనడానికి వచ్చినవాడి ముఖం మీద ఇంకొకటుంటుంది. పటాన్‌చెరు సర్వీసు రోడ్డులో నా దుకాణం ఇన్నాళ్లు నిలబడింది ఆ రెండో ధర మీదే. ఫ్యాక్టరీ జీపు ఇంజను ఆపకుండా బయట పెట్టి, చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా లోపలికి వచ్చాడంటే వాడి మిషన్ ఆగిపోయిందని అర్థం. వాడు ధర అడగడు, ఉందా లేదా అని అడుగుతాడు. డబ్బా మీది ధరకు ఇంకొంత కలిపి చెప్పినా వాడికి రూపాయి తగ్గించే పని లేదు. అదే బేరింగు కోసం ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కుర్చీ లాక్కుని, చాయ్ తెప్పించుకుని మాట్లాడేవాడికి తొందర లేదు. వాడికి తగ్గించాల్సిందే. లేకపోతే పక్క దుకాణంలో కూడా కుర్చీలున్నాయి.

ఈ విద్య నాకు మా నాన్న నేర్పాడు. నేను మా అమ్మాయి అక్షరకు నేర్పాను. పదో తరగతి సెలవుల నుంచి అది గల్లా పక్కన కూర్చునేది. ఒకే గిరాకీకి ఇద్దరం రెండు ధరలు చెప్పకుండా మాలో మేం కొన్ని సైగలు పెట్టుకున్నాం. నేను చెవి తమ్మె పట్టుకుంటే ధర దిగొద్దని. మెడ గోక్కుంటే సరుకు లేదని చెప్పమని. కళ్లద్దాలు తీస్తే బేరం కుదిరింది, కట్టి ఇచ్చెయ్యమని. ఇద్దరికీ కళ్లద్దాలున్నాయి కాబట్టి ఆ చివరిది ఎవరమైనా వాడేవాళ్లం. దుకాణంలో ఏళ్లుగా పనిచేస్తున్న బాలరాజ్‌కు కూడా ఈ సంగతి తెలియదు.

అక్షర మెకానికల్ ఇంజనీరింగు ఆఖరి ఏడు చదువుతోంది. పై చదువు ఇంగ్లండులో చదువుతానని పోయిన దసరాకు బయటపెట్టింది. ఏం చదువని అడిగితే, నడుస్తున్న మిషన్ అదురును కొలిచి, లోపల ఏ భాగం ఎప్పుడు పోతుందో ముందే చెప్పే చదువు అంది.

"అంటే మిషన్ ఆగకముందే చెప్తవా?"

"ఆగకముందే."

"మరి ముందే చెప్తే, జీపేసుకొని పరేషాన్‌గ ఉరికొచ్చేదెవడే?"

"ఎవ్వరు ఉరికిరారు నాన్నా. నిమ్మళంగ వస్తరు."

"నా పైసలు పెట్టి నా గిరాకీనే చెడగొడుతవన్నట్టు!"

అది నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే షరతు పెట్టాను. ఒక్కసారే ప్రయత్నం. ఈ ఏడు సీటు చేతికొస్తే పోవాలి. రాకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకూడదు, తెల్లాపూర్ దగ్గర కంపెనీ వాళ్లు ఇస్తామన్న ఉద్యోగంలో చేరాలి, ఆదివారాలు దుకాణంలో కూర్చోవాలి. అక్షర కాసేపు ఆలోచించి నా చేతిలో చెయ్యి వేసింది. మా ఇంట్లో చేతిలో చెయ్యి వేశాక మాట తిరగదు.

ఆ చదువున్నది దానికి తెలిసి ఒక్క విశ్వవిద్యాలయంలోనే. అందుకని అక్కడికే దరఖాస్తు పెట్టింది. రెండు మూడు చోట్ల పెట్టమన్నా వినలేదు. ఒక్క దుకాణంలోనే ధర అడిగి కొనేవాడిని నేను తెలివైనవాడని ఎప్పుడూ అనుకోలేదు. కానీ వాళ్లు సీటు ఇస్తామన్నారు. ఇక మిగిలింది వీసాకు కావాల్సిన కాగితం ఇచ్చే ముందు వాళ్లు చేసే వీడియో ఇంటర్వ్యూ. అది గట్టెక్కితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

నా బావమరిది శ్రీధర్ అమీన్‌పూర్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దరఖాస్తు పనంతా వాడే చూశాడు. ఇంటర్వ్యూ తారీఖు రాగానే ఫోన్ చేశాడు.

"బావా, గదిల అక్షర ఒక్కతే ఉండాలె. ఇంకెవ్వరు ఉండొద్దు."

"గంత మాత్రం మాకు తెల్వదా?"

"మీకు తెల్వదని కాదు బావా. మీ సంగతి నాకు తెల్సు, గందుకే చెప్తున్న."

పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి పక్క ప్లాటులో బోరు వేస్తున్నారు. ఆ మోతలో పక్క మనిషి మాట వినబడదు. అందుకని దుకాణం పై అంతస్తులో ఏర్పాటు చేశాం. అది గోదాము. ఒక గోడ వైపు అట్టపెట్టెలన్నీ జరిపించి, బల్ల వేయించి, ఫ్యాను రెక్కలు తుడిపించాను. ఎదుటి గోడకు ఇనప చువ్వల మీద మిషన్ల బెల్టులు వరసగా వేలాడుతుంటాయి. వాటిని తీయించలేదు. కెమెరా చూసేది అక్షరను, బెల్టులను కాదు కదా అనుకున్నాను. గిరాకీ ఏనాడూ మా గోదాములోకి తొంగి చూడడు. వాడికి కనబడేది గల్లా ముందున్నదే. ఆ అలవాటులోనే ఉండిపోయాను.

ఇంటర్వ్యూకు వారం ముందు నుంచి దాన్ని తయారు చేశాను.

"కావాలని మొకంల కనబడనియ్యకు. కనబడ్డదంటే అవతలోళ్లు ఎక్కి కూసుంటరు."

"ఇది బేరం కాదు నాన్నా."

"ఎదురుబొదురు కూసొని ఒకళ్లు అడుగుడు, ఒకళ్లు ఇచ్చుడు. బేరం గాక పెండ్లిచూపులా?"

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకు అక్షర పైకి పోయింది. నేను కింద కూర్చున్నాను. కూర్చున్నాననే గాని, పైన కుర్చీ జరిగిన చప్పుడు వినగానే నా కాళ్లు మెట్ల మీద ఉన్నాయి. పిల్ల ఇంతకుముందు ఒంటరిగా ఏ బేరమూ ముగించలేదు. పెద్ద గిరాకీ వస్తే నా వైపు చూసేది, నేను సైగ చేసేవాణ్ని. ఇంత పెద్దదానికి ఒక్కదాన్నే ఎలా వదిలేది?

నన్ను చూసి అక్షర కళ్లు పెద్దవి చేసింది. చప్పుడు చెయ్యనని చేతులు జోడించాను. కంప్యూటర్ వెనక, బెల్టుల ముందున్న స్టూలు మీద కూర్చున్నాను. కెమెరాకు నేను కనబడను. దానికి కనబడతాను. పొమ్మని చెప్పేలోపే అటునుంచి గొంతు వచ్చేసింది.

ఆవిడ ఎవరో నాకు కనబడలేదు. మాట మెత్తగా, వేగంగా ఉంది. నాకు వచ్చిన ఇంగ్లీషు గల్లా ముందు సరిపోయేంతే. సగం మాటలు అందలేదు. అందుకని నాకు చేతనైన పని చేశాను. మా పిల్ల ముఖం చూస్తూ కూర్చున్నాను.

మొదట బాగానే ఉంది. కాసేపటికి దాని ముఖం వెలగడం మొదలైంది. చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. మధ్యలో మోటారు, బేరింగు అన్న మాటలు వినబడ్డాయి. కాలేజీ ప్రాజెక్టు కోసం మా పాత గిరాకీ నర్సింగ్ పనిచేసే మందుల ఫ్యాక్టరీలో ఒక మోటారుకు ఏదో పరికరం తగిలించి వచ్చింది, ఆ సంగతి చెబుతోందని తెలిసింది. అంతలో "ఓన్లీ యువర్ యూనివర్సిటీ" అంది.

మీ దగ్గర తప్ప ఎక్కడా దొరకదని ఏ వెర్రివాడైనా అమ్మేవాడితో అంటాడా? నా చెయ్యి దానంతటదే లేచి చెవి తమ్మె పట్టుకుంది.

అక్షర చూసింది. ఏళ్ల అలవాటు. చూసిన మరుక్షణం దాని ముఖం మూసుకుపోయింది, సాయంత్రం దుకాణం షట్టరు దించినట్టు. చెబుతున్న మాట సగంలో ఆపేసింది. తనకు వేరే చోట్ల కూడా అవకాశాలున్నాయని, చూసుకుని నిర్ణయించుకుంటానని ఏదో పొడిపొడిగా అంది. నాకు నిమ్మళమైంది. దారిలో పడింది అనుకున్నాను.

దాని చూపు పక్కకు పోవడం ఆవిడ కనిపెట్టినట్టుంది. తర్వాత ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. ఇది నాకు పూర్తిగా అర్థమైంది. గదిలో నీతో ఇంకెవరైనా ఉన్నారా?

అక్షర నా వైపు చూడకూడదు. చూసింది. నేను మెడ గోక్కున్నాను.

"నో మేడమ్," అంది.

సరే, గది ఒకసారి చూపించగలవా అని అడిగిందావిడ.

స్టూలు మీద నుంచి లేచి బెల్టుల వెనక్కి దూరాను. ఎలా లేచానో ఎలా దూరానో నాకే తెలియదు. రబ్బరు వాసన, దుమ్ము. మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టాను. బెల్టుల సందులోంచి అక్షర కంప్యూటర్ చేతుల్లోకి తీసుకోవడం కనబడింది. గోడ చూపించింది, అట్టపెట్టెలు చూపించింది, కిటికీ చూపించింది. బెల్టుల దగ్గరకు వచ్చింది. అక్కడ కూడా అలాగే తిప్పేస్తే అయిపోయేది. నేను ఏమాత్రం కనబడను.

దాని చేతులు ఆగిపోయాయి.

"నాన్నా, లేసి నిలబడు," అంది.

బెల్టులు పక్కకు జరుపుకుంటూ లేచాను. తెల్ల చొక్కా ముందంతా నల్లటి చారలు. తెర మీద తల నెరిసిన ఒక ఆడమనిషి, చెవులకు హెడ్‌ఫోన్లు, నన్నే చూస్తోంది. ఏం చెయ్యాలో తోచక "గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అక్షరతో నెమ్మదిగా నాలుగు ముక్కలు చెప్పింది. తెర నల్లబడింది.

"ఏమన్నది?"

"ఇంటర్వ్యూ ఆపేస్తున్నమన్నది. జరిగింది జరిగినట్టు రాసి పైకి పంపుతదట."

"ఎందుకు చెప్పినవే? నేను కనబడకపోతుంటి గద!"

"ఒక్కసారి లేదని చెప్పిన. ఇంగ చూపిచ్చుకుంట గూడ అబద్దం ఆడాల్నా?" కంప్యూటర్ మూసింది. "మంచిగ నడుస్తుండె నాన్నా. ఆమె నవ్వుకుంట వింటుండె. నీకు కనబడలే."

నాకు కనబడలేదు. నిజమే. నేను కొనేవాడి ముఖమే చూస్తూ కూర్చున్నాను, అమ్మేవాడిది చూడలేదు. ముఖాలు చదివి బతికే మనిషికి ఇంతకంటే పెద్ద పొరపాటు లేదు.

ఇంటికి పోయాక అక్షర చెప్పింది విని, మా ఆవిడ విమల వండుతున్న కూర పొయ్యి మీదే ఉంచి వచ్చి నిలబడింది.

"బెల్టుల ఎన్క దాక్కున్నరా? గింత మనిషి?"

"దాక్కోలే. అడ్డం ఉండొద్దని పక్కకు జరిగిన."

"మోకాళ్ల మీన జరిగిండ్రా? ప్యాంటు చూసుకోండ్రి."

శ్రీధర్‌కు ఫోన్ చేసి చెబితే అటునుంచి దగ్గులాంటి చప్పుడొకటి వచ్చింది.

"నవ్వుతున్నవార?"

"లేదు బావా." నవ్వుతున్నాడు. తర్వాత గొంతు మారింది. "పక్కనుండి ఎవరో జవాబులు చెప్పిస్తున్నరని రాసుకుంటరు బావా. గట్ల రాస్తే కష్టం. మెయిల్ వచ్చేదాక సూడాలె."

చూడటం మొదలైంది. రోజూ పొద్దున లేవగానే అక్షర ఫోన్ తీసేది, నేను దాని ముఖం చూసేవాణ్ని. ఏమీ ఉండేది కాదు. దుకాణంలో నా పని చెడింది. ఒకరికి కావాల్సిన సైజు కాకుండా ఇంకొక సైజు కట్టి ఇచ్చాను. పాత బాకీ తీర్చడానికి వచ్చినవాడిని ఎందుకొచ్చావని అడిగాను. బాలరాజ్ రెండుసార్లు "సేఠ్, పాణం మంచిగున్నదా?" అన్నాడు. తెల్లాపూర్ కంపెనీ వాళ్లు చేరుతున్నావా లేదా తేల్చమని మెయిల్ పెట్టారు. అక్షర దానికి జవాబు రాయలేదు, నన్ను అడగనూ లేదు. షరతు ప్రకారం అడగాల్సిన అవసరం లేదు. సీటు పోతే ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు గల్లా దగ్గర ఊరికే కూర్చుని అలవాటు కొద్దీ లెక్క వేశాను. సీటు వస్తే నాకేం పోతుంది, రాకపోతే నాకేం మిగులుతుంది అని. వస్తే అప్పు, బెంగ, కళ్ల ముందు పిల్ల లేకపోవడం. రాకపోతే పిల్ల ఇక్కడే, ఆదివారాలు నా పక్కనే, గిరాకీల తొందర కూడా ఎప్పటిలాగే. ఎటు కూడినా సీటు రాకపోవడంలోనే నాకు లాభం తేలింది. ఇంత స్పష్టంగా లాభం కనబడ్డ లెక్కను చూసి నేను భయపడింది అదే మొదటిసారి. ఆ లెక్క నేను ఇప్పుడు వేశాను సరే. ఆ రోజు నా చెయ్యి చెవి మీదికి పోయినప్పుడే లోపల ఎక్కడో వేసుకుని ఉన్నానా?

నాకు వచ్చిన అనుమానం దానికి రాకుండా ఎలా ఉంటుంది? ఆ సాయంత్రం బండి మీద ఇంటికి పోతుంటే వెనక కూర్చుని అడిగేసింది.

"నాన్నా, ఒక్కటి అడుగుత. నిజం చెప్పు. కావాలని చేసినవా?"

బండి రోడ్డు పక్కకు తీసి ఆపాను. లారీలు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి.

"లేదు బిడ్డా."

దిగి ముందుకొచ్చి నా ముఖంలోకి చూసింది. గిరాకీని చూడమని నేనే నేర్పిన చూపు. ఏం చదివిందో చెప్పలేదు. మళ్లీ వెనక్కి పోయి కూర్చుంది.

"నడుపు," అంది.

మరుసటి వారం మెయిల్ వచ్చింది. ఇంకొకసారి ఇంటర్వ్యూ చేస్తారట. ఈసారి వేరే అధికారి. గదిలో ఎవరూ ఉండకూడదని లావాటి అక్షరాలతో రాశారు. మొదటిసారి ఏం జరిగిందో చెప్పమని కూడా అడుగుతారట. ఇదే ఆఖరు.

"ఇగ నేను షాపుకే రాను," అన్నాను.

"రా. కిందనే కూసో. కానీ మెట్లెక్కకు."

ఆ రోజు మెట్లకు అడ్డంగా నా కుర్చీ నేనే వేసుకుని, వాటికి వీపు పెట్టి కూర్చున్నాను. సరుకు దించడానికి వచ్చిన ఆటోను తర్వాత రమ్మని పంపేశాను. విమల ఫోన్ చేస్తే ఎత్తి "ఇంకా కాలే" అని పెట్టేశాను. పైన దాని గొంతు వినబడుతోంది, మాటలు అందడం లేదు. గొంతు ఆగితే నా ఊపిరి ఆగేది. ఒకసారి చాలాసేపు ఆగింది. కుర్చీ అంచులు పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే నర్సింగ్ వచ్చాడు. మందుల ఫ్యాక్టరీలో మిషన్ల మరమ్మతు వాడి పని. ఎప్పుడొచ్చినా ఉరుకుతూ వచ్చే మనిషి. ఈసారి జీపు నీడలో పెట్టి, ఇంజను ఆపి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"సేఠ్, మోటారుకు బేరింగ్ గావాలె. పెద్దది."

"ఆగిపోయిందా?"

"ఏడాగింది? మంచిగ తిరుగుతున్నది. మీ పాప ఆనాడు డబ్బా తగిలిచ్చి చూసి, ఇది ఎక్కువ రోజులు నడ్వదు అంకుల్, ఆగకముందే మార్చుండ్రి అన్నది. మా మేనేజరు సరే తెమ్మన్నడు. ఐతారం మార్చుకుంటం. తొందరేం లేదు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ధర అడిగాడు. చెప్పాను. నా ముఖంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు.

"పిరమున్నది సేఠ్."

పైన గొంతు ఇంకా రాలేదు. నేను తగ్గించాను.

"ఇంగ జెర సూడు."

ఇంకా తగ్గించాను. పైన ఏదో కదిలింది. కుర్చీయా, కిటికీయా? నర్సింగ్ ఇంకొక మాట అన్నాడు. సరే తీసుకపో అన్నాను. బాలరాజ్ బేరింగు డబ్బా పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు.

"ఇన్నేండ్లల్ల నీ దగ్గర ఒక్క రూపాయి దించలేకపోయిన," అన్నాడు నర్సింగ్. "ఇయ్యాల ఏమైంది సేఠ్? మొకం అంత ఉరుకులాట మీదున్నది. పైన ఏమన్న నిప్పంటుకున్నదా?"

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. లేచి కుర్చీ పక్కకు లాగాను. అక్షర దిగింది. ముఖంలో ఏమీ లేదు. నున్నటి గోడలా ఉంది. ఎలా దాచాలో నేనే నేర్పాను కదా.

"ఏమైంది?"

"అడిగిండ్రు. జరిగిందంత చెప్పిన. సైగల సంగతి గూడ."

"సైగల సంగతి గూడనా!"

"మా దుకాణంల గట్లనే చేస్తం, గా రోజు అలవాటుల లేదని చెప్పిన, తప్పయింది అన్న. తర్వాత ఎందుకు ఇక్కడికే రావాల్నని అడిగిండు. మీ దగ్గర తప్ప ఎక్కడ లేదు, ఇయ్యకపోతే నాకు ఇంకో దారి లేదు అన్న."

చెవి మీదికి పోబోయిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాను.

నర్సింగ్ లేచాడు. "పాపా, నువ్వు చెప్పిన బేరింగే కొంటున్న. మీ నాన్న ఇయ్యాల మస్తు అగ్గువకిచ్చిండు. బేరమే చేస్తలేడు, మెట్ల దిక్కు చెవులు పెట్టి కూసున్నడు. గింత పరేషాన్‌ల నేను మిషన్ ఆగిన్నాడు గూడ లేను."

అక్షర నా వైపు తిరిగింది. బండి ఆపిన రోజు చూసినట్టే చూసింది, అంతకంటే ఎక్కువసేపు. నేను ముఖం సర్దుకోవాలనుకున్నాను. చేతకాలేదు. దాని గోడ మెల్లగా కరిగింది. పక్కకొచ్చి నా చొక్కా భుజం మీద లేని దుమ్మును దులిపింది.

"అగ్గువంటే ఎంతకిచ్చినవ్ నాన్నా?" అంది చెవిలో.

చెప్పాను.

"అమ్మకు చెప్పకు," అంది.

ఆ తర్వాత రోజులు ముందటికంటే నయమేమీ కాదు. కాకపోతే ఈసారి పొద్దున్నే ఫోన్ ఇద్దరం కలిసి చూసేవాళ్లం. తెల్లాపూర్ వాళ్లకు ఇంకొంచెం గడువు కావాలని అక్షర నా ముందే కూర్చుని రాసింది. ఈసారి కాకపోతే వచ్చే ఏడు మళ్లీ పెడుదువుగాని అన్నాను. చేతిలో చెయ్యి వేసిన మాట కదా అంది. బేరం చెడగొట్టింది నేను, ఆ నష్టం నీ పద్దులో రాయలేను అన్నాను.

ఒక మధ్యాహ్నం దుకాణం నిండా జనం. పాశమైలారం నుంచి వచ్చినవాడొకడు జీపు ఇంజను ఆపకుండానే లోపలికి ఉరికొచ్చి, ఆయిల్ సీలు ఉందా లేదా అని గల్లా మీద చెయ్యి కొడుతున్నాడు. అక్షర దుకాణం ఆ చివర, బెల్టులు కొలిచి ఇస్తోంది. దాని ఫోన్ మోగింది. తీసి చూసింది. చూస్తూనే ఉంది. మధ్యలో తలలు అడ్డం వస్తున్నాయి. దాని ముఖం ఒకసారి కనబడుతోంది, ఒకసారి కనబడటం లేదు. కనబడినప్పుడు కూడా అందులో ఏముందో నాకు అందలేదు.

"సేఠ్, ఉన్నదా లేదా? ఎంతైనా ఫర్వాలే!" అంటున్నాడు పాశమైలారం మనిషి.

అక్షర తల ఎత్తి, అందరి తలల మీదుగా నా వైపు చూసింది. రెండు చేతులతో కళ్లద్దాలు తీసింది. తీసి పట్టుకునే నిలబడింది.

నేను ఆయిల్ సీలు కట్టి, డబ్బా మీద అచ్చయిన ధరకే వాడి చేతిలో పెట్టాను.